మార్కులొస్తే పిల్లాడి తెలివి, రాకపోతే టీచర్ తప్పు: ఎన్నాళ్ళిలా?

ప్రశ్నార్థకం:
చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం, ఇవాళ రాసేస్తున్నాను. మార్కులొస్తే "మావాడు చురుకండీ, అచ్చం వాళ్ళ తాత పోలిక". తగ్గితే "ఆ టీచర్‌కి చెప్పడం రాదండీ". ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట, ఒక్క టర్మ్ తేడాలో విన్నాను.

నేను టీచర్ని కాను. మా ఇంట్లోనూ ఎవరూ లేరు. కానీ పేరెంట్స్ మీటింగుల్లో వంతు కోసం కూర్చుని ముందువాళ్ళ మాటలు వినే భాగ్యం బోలెడుసార్లు దక్కింది. "మా పాప ఎక్కడ తడబడుతోంది?" అని అడిగేవాళ్ళు తక్కువ. "మీరు క్లాసులో ఏం చేస్తున్నారసలు?" అని మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుంటుందో, ఫోన్ ఎంతసేపు చూస్తుందో, కిందటేడు పునాది ఎలా పడిందో, క్లాసులో ఎంతమందిని కుక్కారో, సిలబస్ ఎవరు పెట్టారో, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారో ఒక్కటీ టీచర్ చేతిలో లేదు. కానీ సిలబస్ రాసినవాళ్ళు మీటింగుకి రారు. సెక్షన్‌లో పిల్లల్ని కిక్కిరిసేలా నింపినవాళ్ళూ రారు. ఎదురుగా కుర్చీలో దొరికేది టీచర్ ఒక్కరే. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అది ఇక్కడ రోజూ జరుగుతోంది.

టీచర్లకి మనం ఇవ్వాల్సిన మెప్పు ఇవ్వడం లేదు, వేయకూడని నింద మాత్రం వేస్తున్నాం అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళుంటే చెప్పండి.

ఊకొట్టు:
నూటికి నూరుపాళ్ళు.

వెనకబెంచీ:
కాదనడానికి నేనున్నాను. ఇలాంటి చర్చ మొదలైన ప్రతిసారీ గురువు దైవసమానం అని నాలుగు మాటలు పడతాయి, ఆ తర్వాత ఎవరూ ఫిర్యాదు చేయడానికి నోరు మెదపరు. ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు నన్ను క్లాసు ముందు నిలబెట్టి "వీడో మొద్దు, వీడి పక్కన కూర్చుంటే మీకూ అంటుకుంటుంది" అన్నారు. అందరూ నవ్వారు. స్కూల్ వదిలేదాకా ఆ సబ్జెక్టులో నేను చెయ్యెత్తలేదు. ఆయన చేతిలో సిలబస్ లేదు, ఒప్పుకుంటా. నాలుక ఎవరి చేతిలో ఉందండీ?

రోసెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేసి, ఫలితాల్ని 1968లో పుస్తకంగా వేశారు. చీటీ తీసినట్టు కొందరు పిల్లల పేర్లు ఎంచి, "వీళ్ళు ఈ ఏడాది బాగా పుంజుకుంటారని పరీక్షలో తేలింది" అని టీచర్లకి చెప్పారు. ఏడాది తిరిగేసరికి చిన్న తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే మిగతావాళ్ళని మించి పుంజుకున్నారు. టీచర్ నమ్మకానికే అంత బలం ఉంటే, టీచర్ చిన్నచూపుకి ఎంత ఉండాలి? దాన్ని ఎత్తిచూపితే నింద ఎలా అవుతుంది? అది టీచర్ బాధ్యత కాదా?

సుద్దముక్క:
వెనకబెంచీ గారూ, ఆయన తరఫున నేను వాదించను. అలాంటి మాటకి ఏ సమర్థనా లేదు. పిల్లల్ని కించపరిచే టీచర్ మా స్టాఫ్‌రూంలోనూ తగిలారు, మాకూ తలవంపే.

నేను ఆరు, ఏడు తరగతులకి లెక్కలు చెప్తాను. ఒక సెక్షన్‌లో 40 మంది అనుకోండి. పీరియడ్ 45 నిమిషాలు, ఏడాదికి ఓ 200 పీరియడ్లు. మొత్తం 150 గంటలు. దాన్ని 40తో భాగిస్తే ఒక్కో పిల్లకి ఏడాది మొత్తమ్మీద దక్కేది 3 గంటల 45 నిమిషాలు. అదీ ఒక్క నిమిషం వృథా కాకుండా, హాజరు పిలవకుండా, ఎవరినీ "మాట్లాడకండి" అనకుండా ఉంటే! మీటింగులో "మా అబ్బాయి మీద కొంచెం స్పెషల్‌గా శ్రద్ధ పెట్టండి మేడమ్" అని అడిగిన ప్రతిసారీ నా మనసులో ఈ లెక్కే తిరుగుతుంది. పైకి మాత్రం "అలాగేనండి" అంటాను. ఇంకేమనాలి?

ఇక నోట్‌బుక్కులు. బయటివాళ్ళకి దిద్దడం అంటే టిక్కులు, ఇంటూలు. 1/2 + 1/3 ఎంత అని ఇచ్చాననుకోండి. ఒక పిల్ల 2/5 అని రాస్తుంది. పైది పైదానితో, కిందది కిందదానితో కూడేసింది. ఇంకో పిల్లాడు 2/6 అంటాడు. హారం 6 చేయాలని గుర్తుంది, పై అంకెలు మార్చాలని మర్చిపోయాడు. మూడోవాడు 1/6 రాస్తాడు, వాడు కూడలేదు, గుణించాడు. మూడూ తప్పే, మూడింటికీ ఇంటూ పెట్టి పక్కన 5/6 అని రాసేస్తే పది సెకన్లలో అయిపోతుంది. కానీ మొదటి పిల్లకి భిన్నమంటే ఏమిటో తెలీదు. రెండోవాడికి తెలుసు, తొందరపడ్డాడు. మూడోవాడు కిందటివారం పాఠంలోనే ఉండిపోయాడు. మొదటి పిల్లని పిలిచి, "2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడగాలి. తక్కువ అంటుంది. "మరి సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేం?" అనాలి. అప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి మీరు! ఆ ఒక్క మొహం కోసమే ఈ ఉద్యోగంలో ఉన్నాననిపిస్తుంది.

ఒక్కో నోట్‌బుక్కుకి 3 నిమిషాలు పెడితే ఒక సెక్షన్‌కి 2 గంటలు. నాకు నాలుగు సెక్షన్లు. ఈ గంటలు టైంటేబుల్లో ఎక్కడా కనపడవు. "మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తారు కదా, హాయి" అనేవాళ్ళకి మాత్రం కొదవ లేదు.

బుజ్జాయి అమ్మ:
మేడమ్, 2/5 సంగతి చదివి ఇప్పుడే మా అమ్మాయి నోట్‌బుక్ తీశాను. ఉంది. అచ్చంగా అదే తప్పు. నేను చూసి "జాగ్రత్తగా చెయ్" అని వదిలేశాను కిందటివారం 😀

అంకెలగంప:
ఈ విషయంలో లెక్కలు కొన్ని ఉన్నాయి కాబట్టి వాటినీ చూద్దాం. పిల్లల మార్కుల్ని బట్టి టీచర్లకి స్కోరు కట్టే పద్ధతి అమెరికాలో కొన్నేళ్ళు జోరుగా నడిచింది. దాని మీద 2014లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. చాలా అధ్యయనాలు చూస్తే, పిల్లలకీ పిల్లలకీ మధ్య మార్కుల్లో ఉండే తేడాలో టీచర్ వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతం మధ్యే ఉంటోందని, మెరుగుపరచగలిగే అవకాశాల్లో ఎక్కువ భాగం వ్యవస్థ స్థాయిలోనే ఉన్నాయని అందులో చెప్పారు. చెప్పింది టీచర్ల సంఘం కాదు, సంఖ్యాశాస్త్రవేత్తలు.

అంతకుముందు 1966లోనే జేమ్స్ కోల్‌మన్ బృందం అక్కడి ప్రభుత్వం కోసం భారీ సర్వే చేసి ఇంచుమించు ఇదే దిశలో తేల్చింది: పిల్లల చదువుల్లో తేడాలకి బడి వనరులకంటే ఇంటి నేపథ్యమే ఎక్కువ కారణం అని. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకోవాల్సిన దాన్ని మొత్తం ఒక్కరి నెత్తిన పెడుతున్నామని ప్రశ్నార్థకం గారు అన్నది అంకెలు కూడా ఒప్పుకుంటున్నాయి.

వెనకబెంచీ:
అయితే పాఠం ఎవరు చెప్పినా ఒకటేనన్నమాట? మెప్పు మాత్రం ఎందుకు మరి? నింద వద్దంటే టీచర్ ప్రభావం 14 శాతమే, పొగడాలంటే టీచర్ జీవితాన్నే మార్చేస్తారు. రెండూ ఒకేసారి కుదరవు కదా అన్నా!

ఊకొట్టు:
ఇది మంచి ప్రశ్న.

అంకెలగంప:
మంచి ప్రశ్నే, కానీ కుదురుతాయి. ఆ శాతం చెప్పేది పిల్లల మధ్య తేడాలో వాటా గురించి. టీచర్ పనికి ఉన్న విలువ వేరే సంగతి. పిల్లలందరికీ ఓ మోస్తరు మంచి టీచర్లే ఉంటే, వాళ్ళ వల్ల పిల్లల మధ్య తేడా పెద్దగా రాదు. అంతమాత్రాన టీచరే లేకపోయినా ఫర్వాలేదని కాదు కదా. అందరూ ఒకే గాలి పీలుస్తున్నప్పుడు ఎవరి ఆరోగ్యం తేడాకీ గాలి కారణంగా కనపడదు.

పైగా ఆ చిన్న వాటానే చాలా దూరం పోతుంది. రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, జోనా రాకాఫ్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో దాదాపు 25 లక్షల మంది పిల్లల్ని బడి నుంచి పెద్దయ్యేదాకా రికార్డుల్లో వెంబడించారు. పిల్లల మార్కుల్ని ఎక్కువగా పెంచగలిగిన టీచర్ దగ్గర చదివినవాళ్ళు కాలేజీకి వెళ్ళడం ఎక్కువ, పెద్దయ్యాక సంపాదనా ఎక్కువ. అంటే టీచర్ ప్రభావం నిజం.

నాకు ఇంకా నచ్చింది 2018లో కిరాబో జాక్సన్ ప్రచురించిన పని. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో తొమ్మిదో తరగతి టీచర్ల గురించి. కొందరు టీచర్ల వల్ల మార్కులు పెద్దగా పెరగవు, కానీ వాళ్ళ పిల్లలు బడి ఎగ్గొట్టడం తగ్గుతుంది, సస్పెండ్ అవడం తగ్గుతుంది. చివరికి ఎంతమంది హైస్కూలు పూర్తి చేస్తారన్నది ఊహించడానికి మార్కుల మీద ప్రభావం కంటే ఈ రెండో రకం ప్రభావమే ఎక్కువ పనికొచ్చింది. మార్కుల షీట్ చూసి తీర్పు చెప్పేవాళ్ళకి ఇలాంటి టీచర్ "యావరేజ్"గానే కనపడతారు.

అందుకే నా వాదన ఇది: ఒక పిల్లాడి ఒక పరీక్ష ఫలితాన్ని చూసి టీచర్‌ని పొగడకూడదు, తిట్టకూడదు. రోసెంతాల్ ప్రయోగం గురించి కూడా ఒక మాట. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఆ ప్రభావం సగటున చిన్నదిగానే తేలింది. అయినా మీకు జరిగింది మీకు జరిగిందే, దానికి అధ్యయనం అక్కర్లేదు.

పాతపంతులు:
రిటైర్ అయిన మాస్టారిని. పైన చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ గొడవ మీ కాలంలో పుట్టింది కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో (Lowe) అనే ఆయన ఒక నిబంధన తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక్కో పిల్లాడినీ చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో పరీక్షిస్తాడు. పిల్లాడు తప్పితే బడికి రావాల్సిన గ్రాంటులో కోత. చాలాచోట్ల టీచర్ జీతం ఆ గ్రాంటు మీదే ఆధారపడి ఉండేది. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నారు దాన్ని. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి!

ఏమైంది? బడులు ఆ మూడింటి చుట్టూ ముడుచుకుపోయాయి. పరీక్షలో అడగని చరిత్ర, భూగోళం మూల పడ్డాయి. పిల్లలకి పుస్తకం బట్టీ పట్టించి ఇన్‌స్పెక్టర్ ముందు "చదివించారు". కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో స్కూల్ ఇన్‌స్పెక్టరే. పరీక్షించే ఉద్యోగం చేస్తూనే ఈ పద్ధతి బడిని యాంత్రికం చేస్తోందని మొత్తుకున్నాడు. 1890ల దాకా ఏదో రూపంలో నడిచి చివరికి వదిలేశారు. మూడు దశాబ్దాలు పోయాయి.

నా సర్వీసులో నేను గమనించింది: పైనుంచి ఒత్తిడి పెరిగిన ఏడాది మేం బాగా చెప్పలేదు. బాగా వచ్చే పిల్లల్ని వదిలేసి, అసలు రానివాళ్ళనీ వదిలేసి, గట్టెక్కుతారో లేదో అన్నట్టున్న ఆ మధ్య బెంచీల మీద పడేవాళ్ళం. పాస్ శాతం పెరిగింది. అభినందన లేఖ కూడా వచ్చింది.

అంకెలగంప:
మాస్టారూ, మీరన్నదానికి డోనల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో ఒక సూత్రమే కట్టాడు. ఏ అంకెనైనా నిర్ణయాలకి ఆధారంగా ఎంత ఎక్కువ వాడితే, ఆ అంకె అంత చెడిపోతుంది, అది కొలవాల్సిన పనినీ చెడగొడుతుంది అని. దానికి అన్నింటికంటే చేదు ఉదాహరణ అమెరికాలోని అట్లాంటా నగరం. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక వచ్చింది. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల పిల్లల జవాబుపత్రాలు దిద్ది మార్కులు పెంచారని, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళ ప్రమేయం ఉందని తేలింది. 2015లో 11 మందికి కోర్టులో నేరం రుజువైంది.

వెనకబెంచీ:
చూశారా! పాపం టీచర్లు అంటున్నారు, వాళ్ళే జవాబులు చెరిపి రాశారు.

సుద్దముక్క:
రాశారు, శిక్షా పడింది, పడాల్సిందే. కానీ అందులో నాకు కనిపించేది ఇంకొకటి. ఆ జవాబుపత్రాలు దిద్దినప్పుడు అసలు నష్టపోయింది చదవడం రాని పిల్లలే. మార్కు వచ్చేసింది కాబట్టి వాళ్ళకి రావాల్సిన అదనపు సాయం రాలేదు. తిట్లకి భయపడే చోట టీచర్ "ఈ పిల్లకి రావట్లేదు" అని నిజం చెప్పలేరు. నేను అంకె దిద్దలేదు ఎప్పుడూ, కానీ మీటింగులో తండ్రి మొహం చూసి "పర్లేదండీ, పుంజుకుంటుంది" అని మెత్తగా దాటేసే టీచర్లని ఎంతమందినో చూశాను. గొడవ ఎందుకులే అని. ఆ తండ్రికి తెలియాల్సింది తెలియకుండా పోయింది.

నిర్వాహకులు:
చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక ప్రత్యేక స్కూల్ పేరు పెట్టి ఆరోపణ చేసిన ఒక వ్యాఖ్య తొలగించాం. అనుభవాలు రాయొచ్చు, పేర్లు వద్దు.

మానేసిన మాస్టారు:
నేను ఈ ఉద్యోగం వదిలేసినవాణ్ణి. ఇప్పుడు వేరే రంగంలో ఉన్నాను. అందరూ జీతం కోసం మానేశానంటారు. జీతం ఒక కారణమే, కాదనను. కానీ నన్ను తరిమింది వాట్సాప్.

క్లాసు గ్రూపులో రాత్రి పదిన్నర దాటాక మెసేజ్: "సర్, రేపటి వర్క్‌షీట్ పీడీఎఫ్ మళ్ళీ పెట్టగలరా". పెట్టాను. పది నిమిషాలకి ఇంకొకరు: "ఇంత లేటుగా పెడితే పిల్లలు ఎప్పుడు చేస్తారు సర్?" దాని కింద ఆరు బొటనవేళ్ళు. ఆ వర్క్‌షీట్ మధ్యాహ్నం మూడింటికే పెట్టాను, పైకి జరిపితే కనపడుతుంది. ఎవరూ జరపలేదు. నేను జరిపి చూపిస్తే "టీచర్ పొగరుగా సమాధానమిచ్చాడు" అవుతుంది. ఫోన్ మూసి పడుకున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు. ఇదేమీ మహా ఘోరం కాదని నాకూ తెలుసు. ఇలాంటివి రోజూ నాలుగు.

పాఠం చెప్పడం నాకిప్పటికీ ఇష్టమే. అదే విచిత్రం. 2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ చాలా దేశాల టీచర్లని అడిగి చేసిన టాలిస్ సర్వేలో కూడా ఇదే ఉంది. సగటున పదిమందిలో తొమ్మిదిమంది టీచర్లు మొత్తమ్మీద ఉద్యోగం తృప్తిగానే ఉందన్నారు. సమాజం మా వృత్తికి విలువిస్తోంది అన్నది మాత్రం 26 శాతమే. పని నచ్చుతోంది, చుట్టూ ఉన్న మాట నచ్చట్లేదు.

ప్రశ్నార్థకం:
దీనికి కొనసాగింపుగా: యునెస్కో 2024 నివేదిక ప్రకారం 2030 నాటికి ప్రపంచానికి ప్రాథమిక, మాధ్యమిక స్థాయిల్లో ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలి. ప్రాథమిక స్థాయిలో ఏటా వృత్తి వదిలేసేవాళ్ళు 2015లో 4.6 శాతం, 2022కి 9 శాతం. ఇంచుమించు రెట్టింపు. ఉన్నవాళ్ళని తిట్టి పంపేసి, రానివాళ్ళ కోసం ప్రకటనలు ఇస్తున్నాం.

బుజ్జాయి అమ్మ:
పేరెంట్స్‌ని మరీ విలన్లని చేయకండి. మా వైపు కూడా వినండి. పిల్ల చదువంటే మాకు ఎంత టెన్షనో! మా అమ్మాయి పుస్తకం తెరిస్తే సగం నాకే అర్థం కాదు, నేను చదివిన పద్ధతి వేరు. ఏం చేయాలో తెలియని భయం కోపంగా బయటికొస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్ళ మీద పడుతుంది. అది తప్పే. కానీ స్కూల్ నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందనే అర్థం. ఏడాది పొడుగునా ఒక్క ముక్క తెలియదు, రిపోర్ట్ కార్డ్ రోజు మాత్రం అంతా ఒకేసారి తెలుస్తుంది. అప్పుడు అరవకపోతే ఎప్పుడు అరుస్తాం?

అంకెలగంప:
మీరన్న ఈ "ఒక్క ముక్క తెలియదు" మీద మంచి ప్రయోగం ఉంది. అమెరికాలో ఒక వేసవి కోర్సులో, తప్పిన సబ్జెక్టు మళ్ళీ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకి టీచర్ల నుంచి వారానికి ఒకే ఒక్క వాక్యం పంపారు. క్రాఫ్ట్, రోజర్స్ 2015లో ప్రచురించారు. సందేశం అందని గుంపులో కోర్సు గట్టెక్కనివాళ్ళు దాదాపు 16 శాతం, అందిన గుంపులో 9 శాతం. అదీ "బాగా చేస్తున్నాడు" అన్న వాక్యాల కంటే "ఇది ఇంకా చేయాలి" అన్న వాక్యాలే ఎక్కువ పనిచేశాయి.

సుద్దముక్క:
నమ్ముతాను. కానీ వారానికి 160 వాక్యాలు ఎవరు రాస్తారో కూడా చెప్పండి 🙂 నాలుగు సెక్షన్లు కదా నావి. ఆ టైమ్ ఇవ్వమని మేం అడిగితే "సాకులు" అంటారు. తల్లిదండ్రులు మాతో కలిసి అదే టైమ్ కోసం మేనేజ్‌మెంట్‌ని అడిగితే మాట చెల్లుతుంది. నాకు తెలిసిన అత్యంత పనికొచ్చే మెప్పు అదే. "మా పిల్లల టీచర్లకి వారంలో రెండు పీరియడ్లు దిద్దుకోవడానికి వదలండి" అని పదిమంది పేరెంట్స్ సంతకం పెట్టి ఇచ్చారనుకోండి, ఆ కాగితం ఫ్రేమ్ కట్టించుకుంటాను.

మానేసిన మాస్టారు:
అమ్మా, ఆ మాట గట్టిగా చెప్పండి. ఏటా అక్టోబర్ 5న ప్రపంచ టీచర్ల దినం, 1994 నుంచీ జరుపుతున్నారు. ఎందుకు ఆ తేదీ? 1966లో అదే రోజున యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి టీచర్ల హోదా మీద ఒక సిఫారసు ఆమోదించాయి. ఆ పత్రంలో పువ్వుల గురించి లేదు. జీతం, పనిగంటలు, క్లాసు సైజు, వృత్తిపరమైన స్వేచ్ఛ, అవి ఉన్నాయి. మనం వాటిని వదిలేసి పూలగుత్తులు పట్టుకున్నాం. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

పాతపంతులు:
బాబూ, జీతం విషయంలో నీతో ఏకీభవిస్తాను గానీ మాటని మరీ తీసేయకు. నా దగ్గర ఒక పాత ఉత్తరం ఉంది. అందులో "మీరు గొప్ప గురువులు" అని ఉండుంటే ఎప్పుడో పోగొట్టుకునేవాణ్ణి. ఆ పిల్లాడు రాసింది, "మీరు ఒకసారి బోర్డు మీద లెక్క తప్పుచేసి, 'నాకు తట్టలేదు, రేపు చెప్తాను' అన్నారు. మర్నాడు వచ్చి చెప్పారు. పెద్దవాళ్ళు అలా అనొచ్చని నాకప్పుడే తెలిసింది" అని. ఆ లెక్క ఏదో నాకు గుర్తే లేదు.

బుజ్జాయి అమ్మ:
మాస్టారూ 🙏

వెనకబెంచీ:
మీరందరూ మంచివాళ్ళు కాబట్టి ఇక్కడ రాస్తున్నారు. మా ఏడో తరగతి మాస్టారు ఇలాంటి చర్చలకి రారు. అదే నా బాధ. నాకు కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. కానీ ఇంత చదివాక ఒకటి ఒప్పుకుంటాను: నా కోపం ఒక మనిషి మీద, ఆయన అన్న ఒక మాట మీద. దాన్ని మా చెల్లెలి కొడుకు ప్రస్తుత టీచర్ మీద చూపించడంలో అర్థం లేదు. ఆవిడకి జవాబుదారీ ఉండాలా అంటే ఉండాలి. ఎలాగన్నదే తేలలేదు.

సుద్దముక్క గారూ, సూటిగా అడుగుతున్నా. వాడి నోట్‌బుక్ మూడు వారాలుగా దిద్దలేదు. వాడేమో భాగాహారంలో తడబడుతున్నాడు. నింద కాకుండా ఎలా అడగాలి? మీరైతే ఎలా అడిగితే చిరాకు పడరు?

సుద్దముక్క:
అందరి ముందు గ్రూపులో కాకుండా విడిగా అడగండి. పగటిపూట. మెసేజ్ ఇలా ఉంటే నేనైతే వెంటనే జవాబిస్తాను:

"మేడమ్, బాబు రెండంకెల భాగాహారంలో శేషం దగ్గర ఆగిపోతున్నాడు. 157ని 12తో భాగించమంటే 12 అని చెప్పి 13 మిగిలిందంటున్నాడు. ఫోటో పంపుతున్నాను. ఇంట్లో ఎలా చెప్పమంటారు? నోట్‌బుక్ ఈ మధ్య దిద్దినట్టు లేదు, ఈ తప్పు మీ దృష్టికి వచ్చిందో లేదో అని అడుగుతున్నాను."

ఇందులో దిద్దలేదన్న సంగతి స్పష్టంగా ఉంది. తప్పు ఎక్కడో కూడా ఉంది, అది చూడగానే నాకు పని సగం అయిపోతుంది. శేషం భాజకం కంటే తక్కువ ఉండాలన్నది వాడికి అందలేదు, అంతే. ఐదు నిమిషాల పని.

వెనకబెంచీ:
దీనికీ జవాబు రాకపోతే?

సుద్దముక్క:
వారం ఆగి ఇంకోసారి అడగండి. అప్పటికీ రాకపోతే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి, ఈ రెండు మెసేజ్‌లూ చూపించండి. మొహమాటపడొద్దు. అడగాల్సింది అడిగే తల్లిదండ్రుల మీద ఏ మంచి టీచర్‌కీ కోపం రాదు. వెళ్ళేముందు ఆవిడకి ఎన్ని సెక్షన్లున్నాయో మాత్రం ఒకసారి కనుక్కోండి. ఏడో, ఎనిమిదో ఉన్నాయని తెలిస్తే ప్రిన్సిపాల్‌ని అడగాల్సిన ప్రశ్న వేరే అవుతుంది.

వెనకబెంచీ:
సరే. రేపు పగలు పంపుతాను. సెక్షన్ల సంగతి కూడా మా చెల్లెల్ని కనుక్కోమంటాను.

అంకెలగంప:
ఏం జరిగిందో ఇక్కడ రాయండి. మాస్టారూ, ఆ 1862 నిబంధన గురించి వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది, నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి.